వసంతంలో స్వెటరెందుకు?

“వణకట్లేదే! ఒళ్లు కాస్త హుషారెక్కిందంతే,” అన్నాడు బావ, పళ్లు టకటకలాడుతుంటే.

సరస్సు మీంచి వచ్చే గాలికి అతని పల్చటి చొక్కా జెండాలా కొట్టుకుంటోంది. మరదలు నవ్వాపుకోలేక వాతావరణ కేంద్రం గుమ్మం పట్టుకుంది. ఈ ఒడ్డున ఉద్యోగం ఆమెది. కొండల అవతలి ఊళ్లో అదే ఉద్యోగం అతనిది. రాబోయే వసంతం ఎలా ఉంటుందో ఇద్దరూ కలిసి ఒకే మాటగా ప్రకటించాలి. వారంగా ఫోన్లో ఒకటే కీచులాట.

“వసంతం వెచ్చగా ఉంటుందన్నావుగా బావా! సరస్సు నీళ్లింకా మంచుముక్కలా ఉన్నాయి, వాటిమీంచే గాలొస్తుంది, ఒడ్డున ఇప్పట్లో చలి పోదని మొత్తుకుంటే విన్నావా?”

“నీ లెక్క తప్పని చూపిద్దామనేగా ఇలా వచ్చింది!”

“చూపించావులే! ముక్కు టమాటాలా అయింది.”

తన శాలువా తీసి అతని భుజాల చుట్టూ కప్పింది. ఆ మొండి మనిషి బుద్ధిగా తలొంచాడు.

“లోపలికి పద,” అంటూ అతని సంచీ అందుకుంది. సగం తెరుచుకున్న జిప్పులోంచి దళసరి ఉన్ని స్వెటర్ చెయ్యి ఒకటి బయటికి వేలాడింది.

ఆమె దాన్ని చూసింది. అతను సరస్సును చూశాడు.

“అంటే... నా మాట నమ్మే బయల్దేరావన్నమాట!”

బావ శాలువాను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. “ఒడ్డున చలేనని రాసెయ్. వసంతమంతా ఉంటుందని కూడా రాయి.”

ఆమెకు ఒళ్లంతా చక్కిలిగిలి పెట్టినట్టయింది. “అయితే నా శాలువా చాల్లే,” అంటూ స్వెటర్ చేతిని గబగబా లోపలికి కుక్కి, జిప్పు లాగేసింది.