ఏడెనిమిదుల మెట్టు

మా అమ్మాయి ఆముక్త జ్వరంతో పోయిన రోజు ఉదయం కూడా లెక్కలాట ఆడింది. ఈ రోజుల్లో ప్రతి బడి పైనా ఆకాశంలో ఆడేది ఆ ఆటే. కింద పిల్లలు లెక్క సరిగ్గా చెబితే పైన గాలిలో ఒక మెట్టు పుడుతుంది. వాళ్ల రూపంలో ఉన్న వెలుగుబొమ్మ దాని మీదికి దూకుతుంది. ఆట సగంలో ఆగితే, బొమ్మ అక్కడే నిలబడి ఎదురుచూస్తుంది.

ఆముక్త బొమ్మ ఏడెనిమిదుల దగ్గర ఆగింది. తనకి ఎప్పుడూ అక్కడే తడబాటు. ఏడేడులు నలభై తొమ్మిది నుంచి వేళ్ల కణుపుల మీద మరో ఏడు లెక్కపెట్టుకోమని నేనే నేర్పాను. మబ్బుల మధ్య ఆ బొమ్మ ఇప్పటికీ బొటనవేలితో కణుపులు తడుముతూ ఉంటుంది.

ఈరోజు నాలుగో తరగతి లిఖిత నా కొంగు లాగింది.

“టీచర్, అక్కకి కాళ్లు నొప్పెట్టవా? జవాబు నేను చెప్పెయ్యనా?”

“ఒకరి లెక్క ఇంకొకరు చెబితే ఆట ఒప్పుకోదు కదమ్మా.”

“అమ్మ చెబితే ఒప్పుకుంటుందిగా! మా అమ్మ నాకెన్నిసార్లు చెప్పిందో. మీరు టీచరయ్యుండి, మీకు రాదా ఏంటి?”

నవ్వొచ్చింది. నేను చెబితే ఆముక్త దూకుతుంది. తను ఆడుతున్న ఆటలో అది చివరి మెట్టు. దాటిన బొమ్మ వెలుగులో కలిసిపోతుంది, మళ్లీ కనిపించదు.

లిఖిత నా చెయ్యి తీసుకుని కణుపులు లెక్కపెట్టింది. యాభై, యాభై ఒకటి... యాభై అయిదు దగ్గర నా ముఖం చూసి ఆగిపోయింది.

గంట కొట్టారు. పిల్లలు లోపలికి వెళ్లారు.

ఏడెనిమిదులు ఎంతో నేనింకా చెప్పలేదు.