మీటరు ముల్లు

"తెల్ల వైరు ఇంజను కంప్యూటరుకి కలిపేశాను నాన్నా, చూడు," అంటూ డ్రైవరు సీట్లో కూర్చున్న కూతురు తాళం సగం తిప్పింది.

పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే కొత్త మీటరు వెలిగింది. ముల్లు చివరిదాకా లేచింది. ఆ కంప్యూటరు తెరమీదా అదే అంకె కనబడింది.

మెకానిక్ నాన్న కిటికీలోంచి తొంగి చూసి తలాడించాడు. "ఇంజను సాఫీగా తిరుగుతోంది. ఇక ఆపెయ్ తల్లీ."

ఆమె ఇంజను ఇంకా స్టార్ట్ చెయ్యనేలేదు. ముల్లు లేచింది పొగ గొట్టంలో ఉన్న ఉత్త గాలికే.

కూతురు దిగి ఆయన ఎదురుగా నిలబడింది. "ఎన్నాళ్ళనుంచి వినబడటం లేదు?"

ఆయన ఆమె పెదవులనే చూశాడు. "ఏడాదైంది. తెలిస్తే బండ్లెవరు తెస్తారు? చెవికి అందనిది కంటికైనా కనబడుతుందని ఈ మీటరు. నువ్వైతే బయట చెప్పవని మెసేజి పెట్టి పిలిచాను."

"మరి నేను ఫోన్ చేసినప్పుడు?"

"నువ్వు మంచి కబురే చెబుతుంటావనుకుని, చాలా సంతోషం తల్లీ అనేవాణ్ణి."

మూడు నెలల క్రితం, భర్తనుంచి విడిపోయానని ఏడుస్తూ చెప్పినప్పుడూ ఆయన అదే మాట అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఫోన్ చెయ్యలేదు.

"ఏమైనా తప్పుగా అన్నానా?" అని అడిగాడు నాన్న.

ఆమె ఆయన ముఖం తనవైపు తిప్పుకుని, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. "మా ఆయనా నేనూ విడిపోయాం నాన్నా. ఒక్కదాన్నే ఉంటున్నాను."

ఆయన ఆమె పెదవులనుంచి చూపు తిప్పుకోలేదు.

"నేను సరిగ్గా అర్థం చేసుకోలేదేమో," అన్నాడు. "మళ్ళీ చెప్పు తల్లీ."