సుమలతకు నచ్చని బండ్లు

“గీ బండికేం రోగమచ్చిందే అక్కా?” రాజేశం హెల్మెట్ తీసి కంకర మీద పెట్టి, తనూ అక్కడే చతికిలబడ్డాడు.

సిరిసిల్ల ఊరి బయట లింగన్న పాత బండ్లు అమ్మే జాగ అది. మొన్న తమ ఊరు కోరుట్లలోనే ఒక ట్రాలీ ఆటో చూసి మొహం తిప్పేసింది సుమలత. నిన్న జగిత్యాలలో రెండు చూసి రెండూ వద్దంది. ఇవాళ మళ్లీ అదే వరస.

“రోగం కాదురా. తొట్టె మీద కప్పు లేదు. పెల్లెట్ల మీద నాలుగు సినుకులు వడ్డయంటే మల్ల పొట్టే అయితది. పొట్టుతోని ఇడ్లీలు ఉడుకుతయా?”

“పట్టా కప్పుకుంటే అయిపాయె.”

“గాలికి లేస్తది.”

కోరుట్ల బస్టాండు దగ్గర ఆమెది టిఫిన్ సెంటరు. గ్యాసు ఖర్చు భరించలేక పెల్లెట్ల పొయ్యి పెట్టుకుంది. రంపపు పొట్టును గట్టిగా వత్తి వేలంత గుళికలు చేస్తారే, అవే పెల్లెట్లు. వాటిని సిరిసిల్ల నుంచి తెచ్చిపెట్టే ఆటో మనిషి కాస్తా ఆటో అమ్ముకుని మస్కట్ పోయాడు. ఇంట్లో ఇక ఒక్క బస్తానే ఉంది. ఎల్లుండి కోరుట్ల పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నంలో పెళ్లివారికి టిఫిన్లు పంపాలి. సరుకు ఇవాళ ఇల్లు చేరకపోతే పొయ్యి వెలగదు. పెళ్లి ఇంట్లో మాట పోగొట్టుకున్న వంటమనిషిని మళ్లీ ఎవరు పిలుస్తారు? అది తెలిసీ ఆమె ఇన్ని వంకలు పెడుతుంటే, బట్టల కొట్టుకు సెలవు పెట్టి వచ్చిన తమ్ముడికి ఒళ్లు మండదా మరి.

ఆమె మొగుడు దశరథం బండి చుట్టూ తిరుగుతూ టైర్లను కాలితో తడుతున్నాడు. మాటలు తక్కువ మనిషి. చాలా ఏళ్లు సౌదీలో ఉండి మొన్న ఉగాదికే తిరిగొచ్చాడు. ఆయన మాట్లాడకపోయినా ఆయన తరఫున రాజేశం మాట్లాడతాడు.

“మా బావ సౌదీల పద్దెనిమిది టైర్ల లారీ నడిపిండు లింగన్నా. ఇసుక తుఫానుల గూడ ఆపలేదట.”

“గట్లనా. మరి ముందుగాల చెప్పరేంది?” లింగన్న జేబులోంచి తాళంచెవి తీసి దశరథం ముందు పెట్టాడు. “గీ జాగలనే ఒక్క రౌండు కొట్టి చూడన్నా. ఇంజన్ ఎట్లున్నదో నీకే ఎరుకైతది.”

దశరథం అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని ముందుకు వచ్చాడు.

“ఆగుండ్రి. ఎందుకు డీజిల్ దండుగ,” అంది సుమలత. “ఆ పచ్చ రంగు నాకు అచ్చి రాదు.”

రాజేశం ఆకాశం వైపు చూశాడు. “బావా, నువ్వన్న చెప్పరాదు.”

“నేనైతే మొదటి దినం చూసిందే తెస్తుంటి,” అన్నాడు దశరథం. “మీ అక్క ఇనాలె గదా.”

లింగన్న ఓపికగా ఇంకో బండి దగ్గరకు తీసుకుపోయాడు. కప్పుంది, పచ్చ కాదు, టైర్లు కొత్తవి. రాజేశం ప్రాణం లేచొచ్చింది. లింగన్న తలుపు తెరిచి, “కూసో అన్నా, స్టార్ట్ చెయ్,” అనగానే సుమలత అడ్డం వచ్చింది.

“అన్నా, జర హారన్ కొట్టు.”

లింగన్న వంగి కొట్టాడు.

“ఏడ్సినట్లున్నది. పొద్దున లేస్తె గీ ఏడుపు ఎవలింటరు?”

“చెల్లె, హారన్ మార్చిస్త.”

“వద్దన్నా. ఒక్కసారి మనసు ఇరిగింది.”

“నీకు బండి గాదు, పెండ్లికొడుకు గావాలె,” అన్నాడు రాజేశం. “దుకాణంల మా సేటు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుండు. నాకు మోటర్ సైకిల్ తప్ప రాదాయె, లేకుంటె నేనే ఒకటి గుంజుకపోదును.”

ఆమె విననట్టే నడిచి, మూలన ఉన్న ఒక పాత ట్రాలీ దగ్గర ఆగింది. డోరు సొట్టలు పోయింది. ముందు లైటు ఒకటే ఉంది. దాని నీడలో నడివయసు మనిషి ఒకడు కూర్చుని బీడీ తాగుతున్నాడు.

“ఇది ఎవలది?”

“నాదేనమ్మా. కొమురెల్లి అంటరు, గంభీరావుపేట నాది. కిరాయిలు లేక అమ్ముతున్న.”

“అమ్మినంక ఏం జేస్తవన్నా?”

“ఏమున్నది, ఏదన్న బండి మీద డ్రైవర్‌గ కుదురుకుంట.”

“అయితే బండి నాకియ్యి. నువ్వు గూడ దీంతోనే రా. పెల్లెట్లు తెచ్చుడు, టిఫిన్లు పంపుడు నీ పని. జీతమిస్త.”

రాజేశం లేచి నిలబడ్డాడు. “అక్కా, నీకు తలకాయ గిట్ల ఖరాబైందా? మంచి బండ్లన్నీ వద్దని గీ డొక్కు దాన్ని వట్టుకుంటివి. ఇంట్ల డ్రైవర్‌ను వెట్టుకొని ఇంకో డ్రైవరా?”

“నేనుండంగ డ్రైవరెందుకే?” అని దశరథం కూడా అడగాల్సినట్టు అడిగాడు.

“ఊకో నువ్వు. గంత పెద్ద లారీలు నడిపినోడివి, గీ డొక్కు మీద కూసుంటె కోరుట్లల నలుగురు నవ్వరా? నాకు గల్లపెట్టె కాడ కూసునేటోడు గావాలె. నేను పొయ్యి కాడుంటె గిరాకీ ఎవలు జూస్తరు?”

“మొగని మీద గింత షోకేందే నీకు,” అని రాజేశం హెల్మెట్ తగిలించుకుని, తిట్టుకుంటూ మోటర్ సైకిల్ తన్నాడు.

సాయంత్రానికి సరుకు ఎక్కింది. కొమురెల్లి నడుపుతుంటే మొగుడూ పెళ్లాం పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. వేములవాడ దాటాక దశరథం మెల్లగా అన్నాడు, “లారీల సంగతి వేరే. గివి నాకు అలవాటు లేవు.”

“నాకెరుకే,” అని ఆమె కొంగుతో ఆయన మెడ మీది చెమట తుడిచింది.

దశరథం సౌదీలో గొర్రెలు కాశాడని ఆమెకు ఏనాడో తెలుసు.