ఐదో ఫౌల్

“ఈ ఫిన్నీగాణ్ని వచ్చే ఏడు టీములోంచి తీసీయాల బావా. ఆటే రాదు ఈడికి,” అన్నాను.

గ్యాలరీలో నా పక్కనున్న అప్పలస్వామి నవ్వాడు. “తీసేత్తే అవతలి పొడుగోణ్ని ఎవడు కొడతాడు? ఐదు ఫౌల్సు సేసి బయటికొచ్చీడమే ఈడి పని.”

మా విజయనగరం బాస్కెట్‌బాల్ జట్టులో మూడేళ్లుగా బెంచీ మీద కూర్చునే ఫార్వర్డ్ ఫిన్నీ. కోచ్ సైగ చేస్తేనే లేస్తాడు.

బొబ్బిలిలో శ్రీకాకుళంతో ఫైనల్. అప్పటికే నాలుగు ఫౌల్సు చేసేశాడు. అంతలో బంతి అతని చేతికే చిక్కింది. ఎదుట ఎవరూ లేరు. గాలిలోకి లేచి, రింగుకు తగలకుండా బుట్టలో వేశాడు.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

“నిన్ను అందుకు పంపానేటిరా? ఆణ్ని పడగొట్టు!” కోచ్ అరిచాడు.

“ఆటొచ్చు బావా ఈడికి,” అన్నాడు అప్పలస్వామి మెల్లగా.

మరుక్షణం పొడుగోడు మోకాలు పట్టుకుని నేల మీద దొర్లుతున్నాడు. ఫిన్నీ వంగి చెయ్యి అందించాడు. పొడుగోడు ఆ చేతిలో ఉమ్మాడు.

ఐదో ఫౌల్. మావాళ్లంతా లేచి చప్పట్లు కొట్టారు. ఫిన్నీ చెయ్యి నిక్కరుకు తుడుచుకుంటూ మావైపు చూశాడు.

నేనూ కొడుతున్నాను. ఈ చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియలేదు.