అమ్మిరాజు పులస

చేపను చూసి తూకం చెప్పడంలో ఈ రెండు గోదావరి జిల్లాల్లో నన్ను మించినవాడు లేడు. కాటా మీద తర్వాత పెట్టుకోండి. కిందటేడు అమ్మిరాజు బుట్టలో వచ్చిన పులస రెండు కిలోల మూడు వందల గ్రాములు. గ్రాము ఎక్కువ కాదు, గ్రాము తక్కువ కాదు.

ఆ రోజు నరసాపురం పక్కన మా రేవులో ఎవరికీ ఊపిరాడలేదు. టైము నాలుగు దాటింది. గడువు ఐదు.

అమ్మిరాజు కూతురు సాయిదుర్గ ఆరేళ్లకే కేన్సర్‌తో పోయింది. ఆ పిల్ల ఒంట్లోంచి తీసిన కణాలు మాత్రం విశాఖపట్నంలో ఒక ల్యాబులో, ఫ్రీజర్లో ఇంకా బతికే ఉన్నాయి. పిల్లలకొచ్చే ఆ కేన్సర్‌కు మందు కనిపెట్టాలని సత్యకుమారిగారనే డాక్టరమ్మ వాటి మీదే పరిశోధన చేస్తోంది.

"దీనివల్ల మీ పాప తిరిగి రాదండీ," అని ఆవిడ ముందే చెప్పింది.

"రేపొచ్చేవాళ్లు కూడా పిల్లలే కదమ్మా," అన్నాడు అమ్మిరాజు.

పరిశోధనకు డబ్బు అయిపోయింది. ఒక సంస్థ సగం ఇస్తానంది. మిగతా సగం జనం నుంచి రావాలంది. ఆ సగంలో ఇంకా పాతికవేలు తక్కువ. ఐదింటికల్లా అది చేరకపోతే సంస్థ సొమ్మూ రాదు. ల్యాబు మూసి, ఫ్రీజర్ ఖాళీ చేసేస్తారు.

ఊరంతా అప్పటికే తలా ఇంత వేసింది. మళ్లీ అడగడానికి అమ్మిరాజు ఒప్పుకోలేదు. "చెయ్యి చాపింది చాలు. మిగతాది నా వలలోంచే రావాలి," అని తెల్లారుతూనే పడవెక్కాడు. వేటకు వెళ్లొద్దని మైకులో చెబుతూనే ఉన్నారు. గోదారి ఎర్రగా పొంగుతోంది. ఆ ఎర్రనీటికి ఎదురీదే పులస ఒక్కటి పడితే చాలు, పాతికవేలు పలుకుతుంది.

నాలుగుంబావుకు పడవ కనబడింది.

అమ్మిరాజు తడిసి ముద్దయి దిగాడు. తడిగుడ్డ కప్పిన బుట్ట గట్టున పెట్టాడు. "పిన్నీ..." అని ఏదో చెప్పబోయాడు.

ఆ పిన్ని తలుపులమ్మ. మా రేవులో చేపల వేలంపాట పాడించేది ఆవిడే. గుడ్డ కొస ఎత్తి లోపలికి చూసింది. మళ్లీ కప్పేసింది.

"నువ్వు నోరు మూసుకుని అలా కూచో," అంది. "పాట నాది. రండి బాబూ, రండి! పులసండీ, గోదారి పులస!"

మా రేవుకు ఒక కట్టుబాటుంది. గుడ్డ ఎత్తి కళ్లారా చూడందే ఎవరూ పాట పాడకూడదు. చూసి పాడాక వెనక్కి పోకూడదు.

ముందు గున్నేశ్వరరావు వచ్చాడు. నరసాపురంలో పెద్ద కిరాణా కొట్టాయనది. వేలెడు చేప కొన్నా మొప్పలెత్తి, కళ్లు నొక్కి, నాలుగు వంకలు పెట్టందే సంచి తెరవడు. ఆయన ఒక్క వంక పెడితే చాలు, మిగతావాళ్లు జారుకుంటారు.

గుడ్డ ఎత్తాడు. చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏంటండీ షావుకారుగారూ, పెళ్లిచూపులా?" అంది తలుపులమ్మ.

"వంక పెట్టడానికేం లేదు," అన్నాడాయన. "పదివేలు."

యానాంలో భోజనం హోటలు నడిపే రాణి వంగి చూసింది. "అమ్మో, ఇది నా దాకలో పడుతుందంటారా? పన్నెండు!"

అప్పుడు లేచాడు లోకనాథ్. వల వేసే చోటు దగ్గర తగాదా పడి, అమ్మిరాజుతో అతనికి మూడేళ్లుగా మాటల్లేవు. గుడ్డ ఎత్తాడు. చూశాడు. తలెత్తి అమ్మిరాజు మొహంలోకి సూటిగా చూశాడు.

"ఏరా, పొద్దుటి నుంచీ నువ్వు పట్టింది ఇదేనా?"

రేవంతా బిగుసుకుపోయింది. అమ్మిరాజు తల దించుకున్నాడు.

"ఇలాంటిది నా జన్మలో చూళ్లేదురా," అన్నాడు లోకనాథ్. "పద్దెనిమిది."

ఇరవై అన్నారెవరో. రాణి ఇరవై రెండంది. అక్కడ ఆగిపోయింది పాట.

నాలుగూ యాభై రెండు.

"ఇరవై రెండు, ఒకటోసారి..." తలుపులమ్మ ఒక్కొక్కరి మొహమే వెతికింది. అందరూ జేబులు తడుముకుని కిందికి చూస్తున్నారు. "రెండోసారి..." మూడోసారి అనడానికి ఆవిడకు నోరు రాలేదు.

గున్నేశ్వరరావు కారు దాకా వెళ్లిపోయినవాడు ఆగాడు. వెనక్కి వచ్చాడు.

"ఇంకోసారి చూడనివ్వమ్మా."

చూశాడు. ఈసారి బుట్టను రెండు చేతులా కాస్త పైకెత్తి మరీ చూశాడు.

"ఇందాక సరిగ్గా చూడలేదు. ఇంత బరువుంటుందనుకోలేదు," అన్నాడు. "పాతిక."

తలుపులమ్మ మూడుసార్లూ ఒక్క గుక్కలో అనేసింది. అక్కడే నిలబడి ఆయన ల్యాబు ఖాతాకు ఫోన్లో డబ్బు కొట్టాడు. సిగ్నల్ గుండ్రంగా తిరుగుతూ ఉంది. ఐదుకు రెండు నిమిషాలు. ఒక నిమిషం.

సత్యకుమారిగారి ఫోనొచ్చింది. "అందిందండీ. ఫ్రీజర్ జోలికి ఎవరూ రారు."

అమ్మిరాజు గట్టు మీద కూలబడి, మోకాళ్లలో మొహం పెట్టుకుని భోరుమన్నాడు. లోకనాథ్ వెళ్లి పక్కన కూచున్నాడు. గున్నేశ్వరరావు బుట్టను ఒరగకుండా రెండు చేతుల మీదా మోసుకెళ్లి కారులో వెనక సీటు మీద పెట్టుకున్నాడు.

అంతా జరిగింది జరిగినట్టే చెప్పాను. తూకం మాత్రం నా కల్పన; ఆ మాటకొస్తే, ఆ బుట్టలో చేప కూడా.