వైరన్న పాదం

“మళ్ళీ ఆగిపోయింది!” గాజు గదిలోంచి మేనేజరు కేక పెట్టాడు.

టేబుల్ కింద దూరి ఉన్న వైరన్న ఉలిక్కిపడి, నెత్తి చెక్కకు కొట్టుకున్నాడు. ఆ ఆఫీసులో నెట్ బాగోగులు చూసేది అతనే. అసలు పేరు జీతం వేసేవాళ్ళకైనా గుర్తుందో లేదో.

“ఇప్పుడే కదండీ వైరు మార్చాను. కుర్చీ చక్రం కింద పడి నలిగిపోయింది.”

“వైరున్న కంప్యూటర్లు బాగానే ఉన్నాయయ్యా. మా ఎనిమిది ల్యాప్‌టాప్‌ల సంగతి చూడు. మధ్యాహ్నం పార్టీతో వీడియో కాల్ ఉంది. అదిగానీ ఆగిందంటే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”

మూడు వారాలుగా ఇదే గోల. ఇనప బీరువా వెనక నక్కిన వైఫై డబ్బాను గోడమీదికి ఎక్కించాడు. పక్క ఆఫీసుల సిగ్నళ్ళు అడ్డొస్తున్నాయేమోనని ఛానెల్ మార్చాడు. మైక్రోవేవ్ ఓవెన్ వల్లేమోనని దాని ప్లగ్గు పీకి, అందరిచేతా చల్లారిన భోజనం తినిపించి తిట్లు తిన్నాడు. ఏం చేసినా ఉలుకూ పలుకూ లేదు.

“అంతా నీ పాదం మహిమ వైరన్నా!” రిసెప్షన్ అమ్మాయి నవ్వింది. “నువ్వు సెలవు పెట్టిన రోజు నెట్ గుర్రంలా పరిగెత్తింది.”

అతనూ నవ్వబోయాడు గానీ ఓపిక చాలలేదు. మూడు వారాల కిందట లైను తెగిపోయిన రోజు ఇదే అమ్మాయి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. కొత్త పాస్‌వర్డ్ అంటే అందరూ సతాయిస్తారని, ఆఫీసు వైఫై పేరూ పాస్‌వర్డూ తన ఫోనుకే పెట్టి, సొంత డేటాతో అందరి పనీ గట్టెక్కించాడు. ఆ పూటకి దేవుడయ్యాడు. మర్నాటికి మళ్ళీ వైరన్నే.

జేబులో ఫోను మోగింది. భార్య.

“పాప ఊడిన పన్ను చూపించాలని వీడియో కాల్ చేస్తుంటే కలవదేం? పొద్దున వేయించిన డేటా అప్పుడే అయిపోవచ్చిందా? ఆఫీసులో ఏం చూస్తున్నావసలు?”

“చూడ్డానికి తీరికెక్కడిదే! పాత ఫోను, ఊరికే తినేస్తోంది.” కాలిపోతున్న ఫోనును జేబులోకి తోశాడు.

మధ్యాహ్నం పార్టీతో కాల్ మొదలైంది. వైరన్న మేనేజరు కుర్చీ పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తెరమీద అవతలాయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

“నువ్వు ముందు కిందికి దిగు! వాచ్‌మన్ దగ్గర కూర్చో!”

దిగాడు. వాచ్‌మన్ బెంచీమీద జరిగి చోటిచ్చాడు. కాసేపటికి రిసెప్షన్ అమ్మాయి మెట్లమీంచి కేకేసింది. “వచ్చేసింది వైరన్నా! నువ్వు గడప దాటావో లేదో, వచ్చేసింది! కాల్ కూడా అయిపోయింది, పైకి రమ్మంటున్నారు.”

పైన మేనేజరు ముఖం చూడకుండానే చెయ్యి చాచాడు. “ఇలాంటివాటి మీద నాకు నమ్మకం లేదయ్యా. కానీ కళ్ళారా చూశాక ఏం చెయ్యను? ఆఫీసు తాళాలు ఇచ్చెయ్.”

“అయ్యో, మళ్ళీ పోయింది!” వెనకనుంచి ఎవరో మూలిగారు.

అందరూ వైరన్న కాళ్ళకేసి చూశారు. అతనూ చూసుకున్నాడు. ఇన్నాళ్ళ చాకిరీ ఈ పాదాల పాలైనందుకు ఏడుపొచ్చింది. తాళాలు బల్లమీద పెట్టి, తొందరగా వచ్చేస్తున్నానని ఇంటికి చెబుదామని ఫోను తీశాడు.

తెర మీద చిన్న అక్షరాల్లో ‘హాట్‌స్పాట్ ఆన్: ఎనిమిది కనెక్షన్లు’ అని ఉంది.