మేనత్త వరస

అనకాపల్లిలో ఎవరింట బారసాల జరిగినా సౌజన్యకు కబురొచ్చేది. మగవాడి ప్రమేయం లేకుండా ఇద్దరమ్మలకు ఆడపిల్లలు పుట్టడం మామూలైపోయాక, ఇళ్ల నిండా పిన్నులూ పెద్దమ్మలే. నాన్నే లేనప్పుడు నాన్న అక్కచెల్లెళ్లు ఎక్కణ్ణుంచి వస్తారు? కానీ బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్తే. అన్న కూతురున్న ఆడమనిషి ఆ పేటలో సౌజన్య ఒక్కతే మిగిలింది.

ఈసారి పక్కవీధి నిహారిక తన కూతురి బారసాలకు పిలవడానికి వస్తే, సౌజన్య ఆమె తెచ్చిన బొట్టు పెట్టించుకోలేదు.

"నేను రాకూడదమ్మా. మా అన్న కూతురు చైత్ర కిందటి నెల్లో పోయింది. ఇప్పుడు నేనెవరికీ మేనత్తను కాను."

"అయినా మీరే రావాలి పిన్నిగారూ," అంది నిహారిక.

సౌజన్య వెళ్లింది. పసిదాన్ని ఉయ్యాల్లో వేసి చెవి దగ్గరకు వంగింది. అనుకున్న పేరు మేఘన. నోటి వెంట వచ్చింది మాత్రం చైత్ర. ఉయ్యాల గొలుసు పట్టుకుని నిలబడ్డ నిహారికకు అది వినబడింది.

"తప్పయిపోయింది తల్లీ. మళ్లీ చెబుతాను," అంది సౌజన్య, ఉయ్యాల మీదికి వంగబోతూ.

నిహారిక ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"అదే ఉండనీ, వదినా."